సరిచూడని మార్పు మార్పు కాదు

కంటైనర్లలో కాన్ఫిగ్ ఫైళ్లను షెల్ స్క్రిప్టులతో దిద్దే మేము ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. మా పోరాటం ఒక్కదాని మీదే: పని జరగకపోయినా జరిగినట్టే సాగిపోయే స్క్రిప్టు మీద.

సెడ్‌నే తీసుకోండి. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ రాసిన ఈ పనిముట్టు నేటికీ లెక్కలేనన్ని ఎంట్రీపాయింట్ స్క్రిప్టులను మోస్తోంది. డేటాబేస్ హోస్టు మార్చమని దానికి చెబుతాం. బేస్ ఇమేజ్ కొత్త వెర్షన్‌లో ఆ లైనుకు ముందు కామెంట్ గుర్తు చేరింది, లేదా మధ్యలో ఖాళీ ఒకటి పోయింది. వెతికింది దొరకదు. అయినా సెడ్ సున్నా ఎగ్జిట్ కోడ్‌తోనే ముగుస్తుంది. స్క్రిప్టు మొదట్లో సెట్ హైఫన్ ఈ రాశామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఏ కమాండూ విఫలం కాలేదు కదా, షెల్ ఎందుకు ఆగుతుంది? సర్వీసు పాత హోస్టుతోనే లేస్తుంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి తప్పంతా నెట్‌వర్క్‌లో ఉందనుకుని గంటలకొద్దీ వెతుకుతాడు.

అందుకే మేం కోరేది ఇది. దిద్దిన వెంటనే, కావలసిన లైను ఫైల్లో ఉందో లేదో గ్రెప్‌తో చూడాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా కాదు, ఉన్నదున్నట్టుగా, మొత్తం లైనుగా. లేకపోతే ఫైలు పేరు, సెట్టింగ్ పేరు చెప్పి స్క్రిప్టు ఆగిపోవాలి. పాస్‌వర్డ్ మాత్రం లాగ్‌లోకి రాకూడదు. కంటైనర్ అసలు లేవకపోతే ఎలా అంటారు కొందరు. లేవకపోవడమే మేలు. కుబెర్నెటిస్ రోలింగ్ అప్‌డేట్‌లో కొత్త పాడ్ సిద్ధం కాకపోతే పాతవి సేవ కొనసాగిస్తాయి. తప్పు కాన్ఫిగ్‌తో లేచిన పాడ్‌కు ఆ రక్షణ లేదు.

అనుభవజ్ఞులు కూడా తడబడే చోటు బైండ్ మౌంట్. సెడ్ హైఫన్ ఐ ఉన్న ఫైలును అక్కడే దిద్దదు. పక్కన తాత్కాలిక ఫైలు రాసి, దాన్ని పాత పేరు మీదికి రీనేమ్ చేస్తుంది. డాకర్‌లో ఒక్క ఫైలునే మౌంట్ చేస్తే ఆ పేరే మౌంట్ పాయింట్ అవుతుంది, రీనేమ్ కుదరదు, ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అని వస్తుంది. అప్పుడు క్యాట్‌తో కొత్త పాఠాన్ని పాత ఫైలు మీద రాసేస్తారు. నడుస్తుంది. కానీ మధ్యలో ప్రాసెస్ చస్తే సగం ఫైలే మిగులుతుంది. పైగా మారింది హోస్టు మీదున్న అసలు ఫైలు. కాన్ఫిగ్‌మ్యాప్ వాల్యూమ్ అయితే రీడ్ ఓన్లీ, రాయడమే కుదరదు.

మౌంట్ చేసిన ఫైలును మేం ముట్టుకోం. దాన్ని మూలంగా తీసుకుని, కంటైనర్ సొంత డైరెక్టరీలో కొత్త ఫైలు తయారు చేస్తాం. తాత్కాలిక ఫైలు కూడా అదే డైరెక్టరీలో ఉండాలి, అప్పుడే ఎంవీ ఒక్క రీనేమ్‌తో ముగుస్తుంది. వేరే ఫైల్‌సిస్టమ్ నుంచి అయితే అది కాపీగా మారుతుంది. ఎంక్‌టెంప్ సృష్టించే ఫైలు ఓనరుకు మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి, అనుమతులు ముందే సరిచేసుకోవాలి.

అతుకుల కన్నా టెంప్లేట్ మేలని మా గట్టి నమ్మకం. ఎన్జినెక్స్ అధికారిక ఇమేజ్ 1.19 నుంచి ఎన్విసబ్‌స్ట్‌తో ఈ పద్ధతినే అందిస్తోంది. మనం సొంతంగా వాడేటప్పుడు మార్చాల్సిన వేరియబుల్స్ పేర్లు విడిగా ఇవ్వాలి. లేకపోతే ఎన్జినెక్స్ సొంత హోస్ట్ వేరియబుల్ కూడా ఖాళీ అయిపోతుంది. సెడ్‌లో ఇంకో గండం ఉంది: పాస్‌వర్డ్‌లో ఆంపర్‌సాండ్ వస్తే, దొరికిన పాఠమంతా ఆ స్థానంలో వచ్చి కూర్చుంటుంది. డీలిమిటర్ మార్చినా ఇది తప్పదు.

ఎకోతో ఫైలు చివర లైను చేర్చేవాళ్లు డాకర్ రీస్టార్ట్‌ను గుర్తుంచుకోవాలి. రాయగలిగే లేయర్ అలాగే ఉంటుంది, లైను మళ్లీ చేరుతుంది. స్క్రిప్టు ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒక్కటే కావాలి. చివరగా, సర్వీసు సొంత పరీక్ష ఉంటే, ఎన్జినెక్స్ హైఫన్ టీ లాంటిది, అది నెగ్గాకే ఎగ్జెక్‌తో అసలు ప్రాసెస్‌కు పగ్గాలివ్వాలి.

మీ రిపాజిటరీ తెరవండి. ఎంట్రీపాయింట్ స్క్రిప్టులో సెడ్ ఉన్న ప్రతి లైనునూ వెతికి, దాని కింద గ్రెప్ పరీక్ష రాయండి. ఈ వారమే మొదలుపెట్టండి, పక్కసీటు వాళ్లతోనూ రాయించండి.