మంచి సినిమాలు రాకనా, మనం చూడకనా?



ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే తెలుగు సినిమాలే రావడం లేదంటూ గతవారం మీ పత్రికలో వచ్చిన లేఖతో నేను ఏకీభవించను. నందకిశోర్ ఈమాని తీసిన ‘35 - చిన్న కథ కాదు’ 2024 సెప్టెంబరు 6న విడుదలైంది. అప్పటికింకా మా విజయవాడలోని సింగ్‌నగర్ బుడమేరు వరద నీళ్లలోనే ఉంది. బెజవాడకు సినిమా ధ్యాస ఎక్కడిది? నేనూ తర్వాత ఓటీటీలోనే చూశాను. విలువ లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని నిలదీసే పిల్లాడు, వాడి కోసం మళ్లీ లెక్కలు నేర్చుకునే తల్లిగా నివేదా థామస్! ఇంతకంటే ఇంటి కథ ఏముంటుంది?

ఇక 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ సినిమాలో చివరి వాదనలు కాస్త ఉపన్యాసంలా సాగాయి. కానీ పరువు పిచ్చి పట్టిన మంగపతిగా శివాజీ హడలెత్తించారు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం గురించి మా ఇంట్లో మాట కదిలిందీ ఆ సినిమా వల్లే. లేఖ రాసిన మిత్రుడు ముందు ఈ రెండూ చూసి, అప్పుడు తిట్టాలని మనవి.

- ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ