పైనున్నవాణ్ణి కాదు, హ్యాండిల్ పట్టినవాణ్ణి చూడండి

జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో సైనిక మోటారుసైకిళ్లు వచ్చేసరికి మా ఇంట్లో పిల్లలంతా టీవీ ముందుకు చేరతారు. అందరి చూపూ మనుషుల పిరమిడ్ కొసన నిలబడ్డ మనిషి మీదే. నా చూపు మాత్రం కింది వరుస వదిలి కదలదు. నేను సిగ్నల్స్ కోర్‌లో డీఆర్‌గా, అంటే డిస్పాచ్ రైడర్‌గా పనిచేసినవాణ్ణి. మనుషుల్ని మోస్తూ, రెండు పక్కలా ఉన్న బండ్లతో సమంగా నడుస్తూ, హ్యాండిల్ బిగపట్టి కూర్చున్నవాడి పని ఎంతటిదో నాకు తెలుసు. కానీ చప్పట్లు కొట్టేవాళ్లలో అతని పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? ఇది మారాలి.

ఎందుకు మారాలో 2017లో జరిగిన రెండు సంగతులు చెబుతాయి. బ్రిటన్ సైన్యం తన రాయల్ సిగ్నల్స్ విభాగంలోని ‘వైట్ హెల్మెట్స్’ జట్టును రద్దు చేసింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని క్యాటరిక్‌లో 1927లో మొదలై, చివరిదాకా పాత 750 సీసీ ట్రయంఫ్ బండ్ల మీదే విన్యాసాలు చేసిన జట్టది. నేటి సిగ్నల్స్ సైనికుడి పనికీ నైపుణ్యానికీ ఈ ప్రదర్శన అద్దం పట్టడం లేదని అక్కడి అధికారులు తేల్చారు. అదే ఏడాది నవంబరు 19న బెంగళూరు దగ్గరి యలహంక వైమానిక స్థావరంలో మన ఆర్మీ సర్వీస్ కోర్ ‘టోర్నడోస్’ ఒకే ఒక్క 500 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 58 మందిని ఎక్కించి 1,200 మీటర్లు నడిపి ప్రపంచ రికార్డు సాధించింది. తొంభై ఏళ్ల జట్టును వాళ్లు మూసుకున్నారు, మనవాళ్లు కొత్త రికార్డు కొట్టారు. ఎవరిది సరైన దారి? నా మట్టుకు సందేహం లేదు. అయితే మనమూ ఈ జట్లను వట్టి రికార్డుల లెక్కగానే చూస్తూ పోతే, ఇంగ్లండ్‌లో వచ్చిన ప్రశ్నే రేపు ఇక్కడా వస్తుంది. అప్పుడు జవాబు చెప్పలేం.

జవాబు డీఆర్ పనిలోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి వైర్‌లెస్‌ను నమ్ముకునే పరిస్థితి లేదు. టెలిఫోన్ తీగలేమో ఫిరంగి దెబ్బలకు తెగిపోయేవి. కాగితం మీద రాసిన ఆదేశం ముందు వరుసకు చేరాలంటే మోటారుసైకిల్ మీద ఒక మనిషి మోసుకుపోవాల్సిందే. రాత్రిపూట లైటు వెయ్యకూడదు. బురద, గోతులు, ఎదురొచ్చే లారీలు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి దారి చూసుకోవాలి. చక్రం జారుతుంటే ఒళ్లు ఒకపక్కకు వాల్చి బండిని నిలబెట్టాలి. యుద్ధం లేని కాలంలో ఆ విద్యను మైదానంలో జనానికి చూపించడంతో ఈ విన్యాసాలు పుట్టాయి. బండి మీద నిలబడి సెల్యూట్ చేసేవాణ్ణి చూసినప్పుడు, గోతుల్లో దారి వెతుక్కుంటూ ఫుట్‌రెస్టుల మీద లేచిన ఆ పాత డీఆరే నాకు కనిపిస్తాడు.

మన సిగ్నల్స్ కోర్ 1911 ఫిబ్రవరి 15న ఏర్పడింది. జబల్‌పూర్ శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన దాని మోటారుసైకిల్ జట్టు ‘డేర్ డెవిల్స్’ వయసు 1935 నుంచి లెక్క. స్వాతంత్ర్యం కన్నా పన్నెండేళ్లు పెద్ద. తర్వాత 1952లో మిలిటరీ పోలీసుల ‘శ్వేత్ అశ్వ్’, 1982లో టోర్నడోస్, 1990లో బీఎస్ఎఫ్ ‘జాన్‌బాజ్’ వచ్చాయి. ఈ జట్ల బండ్లు మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారయ్యేవి. సైన్యం కొనుగోళ్ల వల్లే 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. ఇంగ్లండ్‌లో అసలు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మూతపడ్డాక కూడా దాని బులెట్ బండి మన దగ్గర బతికింది.

ఆ పాత 350 బులెట్ గురించి ఇంకొంచెం చెప్పాలి. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. బలం పద్దెనిమిది హార్స్‌పవర్ మాత్రమే. కానీ దాని ఫ్లైవీల్ బరువైనది. అందుకే ఇంజన్ ఆగిపోకుండా, ఎగిరిపడకుండా నింపాదిగా లాగుతుంది. ఈ విన్యాసాలకు కావలసింది అదే. జబల్‌పూర్‌లో మాకు బండి నేర్పిన ఉస్తాదు మొదట వేగం ఊసే ఎత్తనివ్వలేదు. నేల మీద సున్నపు గీత గీసి, దాని మీద మనిషి నడక కన్నా మెల్లగా, కాలు దించకుండా తోలమనేవాడు. వేగంగా పోయే బండి తనంతట తానే నిలబడుతుంది. మెల్లగా పోయే బండిని మాత్రం నడిపేవాడే నిలబెట్టాలి.

పిరమిడ్ నడిచేది ఆ మెల్లని వేగంలోనే. మనుషులు పైకి ఎక్కేకొద్దీ బరువు కూడా పైకి పోతుంది. గడ్డి నిండుగా పేర్చిన బండిని పొలంగట్టు దాటించినవాళ్లకు ఆ భయం తెలుస్తుంది. పైగా పక్కపక్కన నడిచే బండ్లన్నీ పైనున్నవాళ్ల కాళ్లతో, భుజాలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకడు జానెడు ముందుకు పోయినా, ఒకడి క్లచ్చు చటుక్కున పట్టుకున్నా పైవరుస విడిపోతుంది. 2001 జులై 5న జబల్‌పూర్‌లో పది బండ్ల మీద 201 మందితో డేర్ డెవిల్స్ 129 మీటర్లు నడిపిన పిరమిడ్‌ను ఆ పదిమంది చేతులే మోశాయి. 2025 జనవరిలో ఏడు బండ్ల మీద నలభై మంది 20.4 అడుగుల ఎత్తున విజయ్ చౌక్ నుంచి ఇండియా గేట్ దాకా వెళ్లారు. ఆ ఏడుగురు ఎవరు?

యలహంక రికార్డు సమయంలో జట్టు నాయకుడు మేజర్ బన్నీ శర్మ పేరుతో పాటు, 58 మందిని మోసిన బండిని నడిపిన సుబేదార్ రామ్‌ఫల్ యాదవ్ పేరు కూడా పత్రికల్లో వచ్చింది. అది చదివి నాకు ఎంతో తృప్తి కలిగింది. పద్ధతి అలా ఉండాలి. 2018లో బీఎస్ఎఫ్ మహిళల జట్టు ‘సీమా భవాని’ తొలిసారి రాజ్‌పథ్ మీదికి వచ్చినప్పుడు లద్దాఖ్ అమ్మాయి స్టాన్‌జిన్ నొర్యాంగ్ పేరు, మరుసటి ఏడాది డేర్ డెవిల్స్‌లో నిలబడి సెల్యూట్ చేసిన కెప్టెన్ శిఖా సురభి పేరు దేశమంతా విన్నది. వినాల్సిందే. వాళ్ల పక్కన బండి నడిపిన సిపాయిల, కానిస్టేబుళ్ల పేర్లు కూడా వినిపించాలి. ప్రతి జట్టూ తన తొలి రోజుల నుంచి రైడర్ల జాబితా, ఊళ్లతో సహా, ఒక పుస్తకంగా అచ్చువేయాలి. 1980లలో బండి నడిపినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల నోటి నుంచి వినాలంటే ఆలస్యం పనికిరాదు.

రోడ్ల మీద కుర్రాళ్లు ముందు చక్రం లేపి ప్రాణాలు తీసుకుంటుంటే సైన్యమే స్టంట్లు చేయడమేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి నేనూ వెళ్లాను, ఆ తల్లికి ఏం చెప్పాలో తోచలేదు. కానీ ఈ జట్లను దాచిపెడితే ఆ కుర్రాళ్లు ఆగరు. వాళ్లకు ఫోన్లో దొరికేది వేగం ఒక్కటే. మెల్లగా తోలడం ఎంత కష్టమో, దానికి ఎంత సాధన కావాలో దగ్గరగా చూపించేవాళ్లు వాళ్ల ఊరికి రావాలి.

ఆర్మీ డే పరేడ్ 2023 నుంచి ఢిల్లీ దాటి బెంగళూరు, లక్నో, పుణె వెళ్లింది. విశాఖ ఆర్‌కే బీచ్‌లో నౌకాదళం విన్యాసాలకు జనం పోటెత్తుతారు. అలాగే డేర్ డెవిల్స్‌ను, టోర్నడోస్‌ను సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌కూ, అక్కడితో ఆపకుండా తాడేపల్లిగూడెం, కరీంనగర్, కర్నూలు లాంటి ఊళ్లకూ పంపమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రక్షణశాఖను అడగాలి. ప్రదర్శన అయ్యాక మైదానంలో సున్నపు గీతలు గీయించండి. కాలేజీ పిల్లలకు హెల్మెట్ పెట్టించి, అందరికన్నా ఆలస్యంగా, కాలు దించకుండా చివరికి చేరినవాడికి బహుమతి ఇవ్వండి. ఆ బహుమతి కింది వరుసలో బండి నడిపిన హవల్దార్ చేతుల మీదుగా ఇప్పించండి.