సింటాక్స్ వస్తే లాంగ్వేజ్ వచ్చేసినట్టేనా?

"సింటాక్స్‌దేముంది బాసూ, వీకెండ్‌లో పట్టేయొచ్చు!" మన ఆఫీసుల్లో ఇదో వేదవాక్కు. నేనూ అన్నవాణ్ణే.

జావా నుంచి పైథాన్‌కి మారినప్పుడు ఇఫ్, ఫర్, డెఫ్ రెండ్రోజుల్లో వచ్చేశాయి. జావాలో లేని డీఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు చూసి ముచ్చటపడి, ఓ ఫంక్షన్‌కి ఖాళీ లిస్ట్ డీఫాల్ట్‌గా పెట్టాను. పైథాన్ ఆ లిస్ట్‌ని ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ కొత్తగా చెయ్యదు. డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే చేసి, దాన్నే వాడుతుంది. ఇంకేముంది, ఒకరి ఆర్డర్లు ఇంకొకరి బిల్లులో చేరాయి. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాలేదు. సింటాక్స్ నిక్షేపంలా ఉంది మరి!

అక్షరాలు దిద్దినంత మాత్రాన తెలుగు వచ్చేస్తుందా? సింటాక్స్‌తోనే మొదలెట్టండి, కాదనను. కానీ రెజ్యూమెలో ఎక్కించే ముందు, మీరు రాసిన లైను ఎప్పుడు నడుస్తుందో, ఏం చేస్తుందో చెప్పగలరా? లేకపోతే అది పైథాన్ వేషం కట్టిన జావానే!