మాంత్రికులు పిల్లలకేనా?

సంపాదకులకు,

తెలుగులో ఫాంటసీ పిల్లల కాలక్షేపమనీ, సైన్స్ ఫిక్షన్ ఇంగ్లీషు నవలల నీడ అనీ గత సంచికలో ఒక వ్యాసం తేల్చేసింది. అచ్యుతాపురం పాఠకుడొకరు ఈ మాట ఒప్పుకోవడం లేదు.

పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాశాడు. పురాణాల్లోంచి ఎత్తుకొచ్చింది కాదు, తానే కల్పించిన కథ. ఆ చిక్కుముళ్లు పెద్దలకే ఓ పట్టాన విడవవు! 1947 జులైలో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’ లాంటి సీరియల్స్ తన పేరు లేకుండానే నడిపారు. చిత్రకారుడు చిత్రా బొమ్మలతో వచ్చిన ఆ కథల కోసం పిల్లలతో పాటు పెద్దలూ నెలనెలా ఎదురుచూశారు.

సైన్స్ ఫిక్షన్ విషయంలో వ్యాసకర్త మాటలో కొంత నిజముంది. రచయిత యండమూరి ‘తులసిదళం’ గురించి చెప్పుకున్నంతగా ఆయన సైన్స్ ఫిక్షన్ నవల ‘చీకట్లో సూర్యుడు’ గురించి చెప్పుకోరు. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు సైన్స్ ఫిక్షన్ కథలు చదివినవాళ్లూ తక్కువే. కాలయంత్రాన్ని మన జనానికి దగ్గర చేసింది 1991 నాటి ‘ఆదిత్య 369’ సినిమా.

కానీ తప్పు రచయితలది మాత్రమే కాదు. వాళ్లకు పేజీలివ్వని పత్రికలదీ.

రాయడానికి విషయాలూ లేకపోలేదు. అచ్యుతాపురం సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలున్నాయి, పక్కనే పూడిమడక సముద్రం ఉంది. యాభై ఏళ్ల తర్వాత ఈ నేల, ఈ నీళ్లు, షిఫ్టులకెళ్లే ఈ మనుషులు ఎలా ఉంటారో ఊహించిన తెలుగు నవల ఈ పాఠకుడి కంట పడలేదు.

అలాంటి నవలల పోటీ ఒకటి పెట్టి, గెలిచినదాన్ని సీరియల్‌గా వేయమని మనవి.

– ఒక పాఠకుడు, అచ్యుతాపురం, అనకాపల్లి జిల్లా