రేగడిలో నిలిచే మొరం రోడ్ల కోసం: పరిశోధన నిధులు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, సంగారెడ్డి.
(తహసీల్దార్ గారు, కంగ్టి ద్వారా)

విషయం: నల్లరేగడి నేలల్లో మొరం రోడ్లపై పీహెచ్‌డీ పరిశోధనకు ఫెలోషిప్, ప్రయోగ రోడ్డు మంజూరు చేయించుట గురించి.

ఆర్యా,

కంగ్టి మండల రైతులం, తండావాసులం, విద్యార్థులం విన్నవించుకునేది ఏమనగా:

మా తండాలకు, పొలాలకు పోయే మట్టి దారుల మీద తొలకరి పడితే చాలు, బైకు చక్రానికి రేగడి చుట్టుకొని మడ్‌గార్డు కింద బిగుసుకుంటుంది. పుల్లతో గీకి నాలుగడుగులు తోస్తే మళ్లీ అదే పాట్లు. ఆటో రాదు, ట్రాక్టరు దిగబడుతుంది. కాన్పు నొప్పులొచ్చిన ఆడబిడ్డను తారు రోడ్డు దాకా చేర్చడమే గండం. అడిగినప్పుడల్లా మొరం పోస్తున్నారు. నాలుగు వానలకే అది రేగడిలో కలిసిపోతోంది.

రేగడిలోని బంక నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. నానిన రేగడి బలాన్ని చెప్పే సీబీఆర్ విలువ తరచూ 2, 3 శాతం దగ్గరే ఉంటుంది. బండ్ల బరువుకు మొరం కిందికి దిగి, బంక పైకి తేలుతుంది. మొరంలోనే బంక ఎక్కువైతే వానకు జారుతుంది, తక్కువైతే ఎండకు దుమ్మై లేచిపోతుంది.

మొరం రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2008లోనే ప్రత్యేక మాన్యువల్, ఎస్పీ 77, తెచ్చింది. సున్నం కలిపి రేగడిని గట్టిపరచడమూ ఇంజనీర్లకు తెలిసిన పనే. అయితే మా నేలకు ఎంత సున్నం, ఏ గుట్ట మొరం, ఎంత మందం అన్నది ఇక్కడే కొలిచి తేల్చాలి. పని అప్పగించాక కాంట్రాక్టరు పోతాడు, ఇంజనీరుకు బదిలీ అవుతుంది. ఒకే రోడ్డును వరసగా నాలుగైదు వానకాలాలు కనిపెట్టుకొని ఉండే తీరిక పరిశోధక విద్యార్థికే ఉంటుంది.

అందుకు ఖర్చు మరీ పెద్దదేమీ కాదు. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర ఫెలోషిప్ రేట్ల ప్రకారం తొలి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు నెలకు 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం కాక ఐదేళ్లకు 24 లక్షలు.

కాబట్టి మా కోరికలు:

1. మన జిల్లాలోనే కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌తో గానీ, జేఎన్‌టీయూ హైదరాబాద్‌తో గానీ మాట్లాడి, జియోటెక్నికల్ విభాగంలో ఈ అంశంపై ఒక ఫెలోషిప్‌కు ప్రభుత్వానికి ప్రతిపాదన పంపాలి.

2. మండలంలో ఒక కిలోమీటరు తండా రోడ్డును ప్రయోగానికి కేటాయించాలి. వట్టి మొరం, సున్నం కలిపిన రేగడిపై మొరం, మందం పెంచిన మొరం విడివిడి ముక్కలుగా వేసి, అన్నిటికీ పక్కకాలువలు తీయాలి.

3. వాన, బండ్ల రాకపోకలు, గాడుల లోతు రాసిపెట్టే పనిని గౌరవ వేతనంతో స్థానిక యువతకు ఇవ్వాలి.

4. ఫలితాలను ఏటా తెలుగులో గ్రామ పంచాయతీలకు అందజేసి, పంచాయతీరాజ్ ఇంజనీర్లు వాటి ప్రకారమే అంచనాలు వేసేలా చూడాలి.

5. పరిశోధన జరుగుతోందన్న సాకుతో ఈ ఏడాది మరమ్మతులు ఆపరాదు.

తీసుకున్న చర్యలను లిఖితపూర్వకంగా తెలియజేయగలరని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
కంగ్టి మండల రైతులు, తండావాసులు, విద్యార్థులు

ప్రతి: పంచాయతీరాజ్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి