ఏ విహారిణిని వాడుదుము?

గడచిన శ్రావణమాసమున మా పొరుగింటి యామె చేత ఫోను పట్టుకొని, చిన్నవోయిన మొగముతో మా వాకిటికి వచ్చినది. ఆమెకు రెండు మాసములుగా ముట్టు అధికమై బాధించుచున్నది. అత్తగారితో చెప్పుటకు సిగ్గు. వైద్యురాలి కడకు పోవుదమన్న చేనిలో వేరుసెనగ కలుపు. అందుచే ఒక రాత్రి అందరును నిద్రించిన పిమ్మట తన సందేహమును ఫోనునే అడిగినది. మఱునాడు ఆ ఫోను కొడుకు చేతికి పోయినది. క్రికెట్టు వార్తలు చదువబోయిన పిల్లవానికి పుట పుటను గర్భసంచి శస్త్రచికిత్సల ప్రకటనలే యెదురైనవట. "ఇదేమమ్మా?" అని వాడడుగగా తల్లికి నోట మాట రాలేదు.

"నేనెవురికి చెప్పినానక్కా? గోడక్కూడా చెప్పలేదే!" అని మాకడ వాపోయినది.

ఏ బ్రౌజరున వెదకితివమ్మా యని మేమడిగితిమి. ఆమె తెల్లబోయి, "ఫోన్లో ఉండేదే కదక్కా!" అన్నది.

ఇంటర్నెట్టులోని పుటలను తెచ్చి మన కన్నుల యెదుట విప్పి చూపు సాధనమే బ్రౌజరు. తెలుగువారు దీనికి విహారిణి యని పేరిడిరి. ఇంటి చాకిరి యంతయు చేయుచు, ఇంటనున్నట్లే యెవ్వరికిని తోపనిది గనుక, స్త్రీలింగ నామము దీనికి తగియేయున్నదని మాకు తోచును.

ఒకరికి ఒక విహారిణియు, వేఱొకరికి వేఱొకటియు ఏల ప్రియమగును? మన సీమ స్త్రీలు నీటికి పోవు తీరు తెలిసినవారికి ఇది కఠిన ప్రశ్న కాదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నేల మనది. బిందె చంకనిడిన స్త్రీ మొదట చూచునది దూరము; ఆ పిమ్మట నీటి రుచి; ఆ పిమ్మట అక్కడ చేరు తోడివారు. నీటిలోని ఫ్లోరైడు కంటికి కానరాదు, నాలుకకు తెలియదు. పండ్లు గారపట్టి, మోకాళ్లు వంగిన తరువాత గాని అది విషమని మన పల్లెలు ఎఱుగవయ్యెను. 1990ల నడుమ సత్యసాయి త్రాగునీటి పథకము వచ్చువరకు ఎన్నో గ్రామములకు వేఱు గతి లేదు.

తెలుగువారు మొదట విహారిణిని ఎంచుకొన్నది అక్షరము కొఱకు. 2000వ సంవత్సర ప్రాంతమున ఈనాడు మొదలగు పత్రికలు తమతమ సొంత ఫాంట్లతో పుటలు వెలువరించుచుండెడివి. ఆ ఫాంటు తనంతట దిగి తెలుగు తెలుగుగా కనబడవలెనన్న మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే శరణ్యము. తక్కిన వానిలో తెరచినచో అర్థము లేని గుఱుతుల గుంపు కనబడెడిది. అమెరికాలో నున్న బిడ్డలు ఊరి వార్త చదువుకొనుటకై ఇష్టమున్నను లేకున్నను దానినే వాడిరి. అంతట నాగార్జున వెన్న యను తెలుగువాడు ఫైర్‌ఫాక్సునకు పద్మ యను ఉపకరణమును కూర్చెను. అది ఆ ఫాంట్ల వ్రాతను యూనికోడు తెలుగుగా మార్చి చూపెడిది. ఈ ఒక్క కారణము చేతనే ఫైర్‌ఫాక్సునకు మారినవారు కలరు. యూనికోడు వ్యాపించిన పిమ్మట ఆ కష్టము తీరినది. ఎక్స్‌ప్లోరరునకు మైక్రోసాఫ్టు వారే 2022 జూన్ 15న తెర దించిరి.

పిమ్మట చిన్న ఫోనుల కాలము వచ్చినది. పలు ఫోనులలో తెలుగు అక్షరములకు మాఱుగా ఖాళీ డబ్బాలు కనబడెడివి. ఒపేరా మినీ అను విహారిణిలో ఒక లోపలి అమరిక మార్చినచో, పుటలోని అక్షరములను బొమ్మలుగా తెచ్చి చూపెడిది. అంతియకాక అది పుటను తన సర్వరులలో కుదించి పంపును గనుక డేటా మిగిలెడిది. డేటా యనగా ఆనాడు రూపాయలే. అదే మేలు చూపి చైనా దేశపు యూసీ బ్రౌజరు మన దేశమును కమ్ముకొన్నది. 2016లో భారతదేశపు ఫోనులలోని వాడుకలో సగమునకు మించి దానిదే యని స్టాట్‌కౌంటర్ వారి లెక్క. పొదుపు చేయువారిని మేము తప్పుపట్టము. కాని 2015లోనే కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు దానిని పరీక్షించి, వాడువారి వెదకులాటలును, ఉన్నచోటును తెలుపు వివరములు తగిన కాపుదల లేక బయటికి పోవుచున్నవని వెల్లడించిరి. ఫ్లోరైడు మాట యిదియే. 2020 జూన్ 29న మన ప్రభుత్వము దానిని నిషేధించెను.

అప్పటికే 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవుక చేసియుండెను. పొదుపు మాట వెనుకబడి, దగ్గరితనము ముందునకు వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోను కొనునప్పటికే అందులో గూగులు వారి క్రోము కూర్చుండి యుండును. వాకిటనే కొళాయి యుండగా ఊరి చివరి బావికి పోవువారెవరు? ఫోనుల తయారీదారులపై తన సరకులను ఒక్క కట్టగా రుద్దినదని కాంపిటీషన్ కమిషన్ వారు 2022 అక్టోబరులో గూగులుపై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. ఇక రహస్యపదములన్నియు ఒకచోట నిలువయుండుట మఱియొక సంకెల. బ్యాంకు, రేషను, పిల్లల ఫీజు, అన్నియు అందులోనే యుండగా క్రొత్త ఇంటికి మారుట కెవరికి ఓపిక?

మా పొరుగింటి యామె సిగ్గు ఎట్లు బయటపడినదో యిక చూతము. మనము దర్శించు పుటలలో ప్రకటనల వారు కుకీలను చిన్న గుఱుతులను మన విహారిణిలో విడిచిపోవుదురు. వేఱొక పుటకు పోయినప్పుడు ఆ గుఱుతును చూచి, ఈమె నిన్న రాత్రి ఇది అడిగినదని తెలిసికొందురు. ఆపిల్ వారి సఫారియు, ఫైర్‌ఫాక్సును ఇట్టి పరుల గుఱుతులను అడుగకయే అడ్డగించును. క్రోములో వీనిని తొలగింతుమని గూగులు వారు 2020లో మాట యిచ్చి, 2024లో ఆ యోచన మానుకొనిరి. వారి రాబడిలో ప్రకటనలదే పెద్ద పాలు గదా!

మేము ఆమె ఫోనులో ఫైర్‌ఫాక్సును దింపి, దాని భాషను తెలుగునకు మార్చితిమి. పాత దానిలోని చరిత్రను, కుకీలను తుడిచితిమి. రహస్య కిటికీని తెరచు విధమును చూపితిమి. అయితే అది ఇంటివారి కన్నులను మాత్రమే మఱుగుపఱచును గాని దర్శించిన పుటలవారి కన్నులను కాదని ఆమెకు స్పష్టముగా చెప్పితిమి. క్రోములోని అట్టి కిటికీ విషయమై అమెరికాలో వ్యాజ్యము నడచి, 2024లో గూగులు వారు తాము పోగుచేసిన దత్తాంశమును నాశనము చేయుట కొడంబడిరి.

మఱుసటి వారము ఆమెను వైద్యురాలి కడకు మేమే తోడుకొని పోయితిమి. మందులతో తగ్గునదే, సంచి తీయవలసిన పని లేదని ఆమె చెప్పినది.

మొన్న మరల కనబడినప్పుడు, క్రొత్త విహారిణి యెట్లున్నదని యడిగితిమి.

"రేషనుకి, బ్యాంకికి పాతదే అక్కా, అన్నీ అందులోనే ఉండాయి కదా. నా మాట అడగాల్నంటే మాత్రం ఇది తీస్తాను. తాగే బిందె వేరే, కడిగే బిందె వేరే పెట్టుకోమా, అట్లనే," అని కొంగు సవరించుకొని, కొడుకు పిలిచినాడని పోయినది.