ఆ బటన్లకి అర్థం ఎవరు రాశారు?

'ఆడవాళ్ళు కూడా తేలిగ్గా వాడేసుకోవచ్చు' - ఇంటికొచ్చే ప్రతి యంత్రం గురించీ ఈ మాట వింటూనే ఉంటాం. మెచ్చుకోలు కాబోలని ఊరుకుంటాం. కానీ ఆ వాక్యంలో ఇద్దరున్నారు. యంత్రాన్ని అమర్చేవాడు ఒకడు, అమర్చిపెట్టినదాన్ని వాడుకునే ఆమె ఒకతె. మొదటి చోటు మనది కాదని ముందే తేల్చేసి, రెండో చోటుని దయతో మనకి వదిలేస్తున్నారు.

ఇంగ్లీషులో దీనికి పేరు కూడా ఉంది: 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్'. భార్య ఒప్పుకోలు అన్నమాట. 1980లలో ఖరీదైన స్పీకర్ల మోజున్నవాళ్ళ మధ్య పుట్టిన ఈ మాట, తర్వాత సినిమాలూ పాటలూ దాచుకోవడానికి ఇంట్లోనే కంప్యూటర్లు అమర్చుకునేవాళ్ళ వాడుకలోకి వచ్చింది. వైర్లు కనపడకూడదు, కీబోర్డు ఉండకూడదు, మామూలు రిమోట్‌తో నడవాలి, అప్పుడే ఆవిడ ఒప్పుకుంటుందట! ఆవిడ ఏం వినాలనుకుంటోందో, ఏం చూడాలనుకుంటోందో మాత్రం ఆ లెక్కలోకి రాదు. భార్య అంటే దాటాల్సిన అడ్డంకి తప్ప, ఆ యంత్రం ఎవరి కోసమో ఆ మనిషి కాదు.

నిజానికి రిమోట్‌లో మహిమేమీ లేదు. దాని ముక్కు దగ్గరుండే చిన్న బల్బు కంటికి కనపడని పరారుణ కాంతిని సెకనుకి సుమారు 38 వేల సార్లు మిణుకుమనిపిస్తుంది. ఆ మిణుకుల మధ్య వదిలే ఖాళీలతో ఒక అంకెని పంపిస్తుంది. చాలా సెల్‌ఫోన్ కెమెరాల్లోంచి చూస్తే ఆ వెలుగు మనకీ కనిపిస్తుంది. కంప్యూటర్‌కి తగిలించిన మూడు కాళ్ళ రిసీవర్ దాన్ని అందుకుంటుంది. వచ్చింది ఒక అంకె, అంతే. దానికి 'పాట పెట్టు' అని అర్థమా, 'సౌండు తగ్గించు' అని అర్థమా? ఆ సంగతి రిమోట్‌కి తెలీదు. కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఒక పక్క అంకెలు, ఇంకో పక్క పనులు. లినక్స్‌లో ఏళ్ళ తరబడి లిర్క్ అనే ప్రోగ్రాం ఈ పని చూసేది. 2010లో లినక్స్ కెర్నెల్‌లోనే ఆ ఏర్పాటు మొదలైంది. ఇప్పుడు ఐఆర్-కీటేబుల్ అనే చిన్న సాధనంతో బటన్ నొక్కి అంకె చూసుకోవచ్చు, పట్టిక మార్చుకోవచ్చు.

నా తగువంతా ఆ పట్టికతోనే.

బుచ్చయ్యపేటలో మా అత్తింట్లో, మా మరిది పాత కంప్యూటర్ ఒకటి టీవీకి తగిలించాడు. ఇంట్లో ఉన్న కేసెట్లన్నీ అందులోకి ఎక్కించాడు. వాటిలో ఊడ్పుల్లో, దంపుళ్ళ దగ్గర మా అత్త పాడిన పాటలు కూడా ఉన్నాయి. పని మంచిదే. కానీ పచ్చ బటన్ నొక్కితే క్రికెట్ చానల్, పసుపు బటన్‌కి అతని సినిమాలు. అత్త పాటలు ఎక్కడో నాలుగు మెనూల అడుగున, ఇంగ్లీషు పేర్ల కింద ఉన్నాయి. "సిన్నోడొస్తేగానీ ఈ పెట్టె పలకదమ్మా" అనేది ఆవిడ. తన గొంతు తను వినడానికి చెరకు పొలం నుంచి కొడుకు తిరిగొచ్చేదాకా కాచుకోవాలి. దానికి ఇంట్లోవాళ్ళు చెప్పుకున్న కారణం - 'అమ్మకి రాదు'.

అమ్మకి రాకపోవడం కాదు, అమ్మకి ఆ పట్టికలో చోటు లేదు. ఒక ఆదివారం నేను కూర్చుని పట్టికలో రెండు వరుసలు మార్చాను, పాటల పెట్టెలో ఆవిడ పాటలకి దగ్గర దారి పెట్టాను. ఎర్ర బటన్ నొక్కితే ఊడ్పుల పాట మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అక్షరం రాని మనిషికి అది నేర్చుకోడానికి ఒక్క నిమిషం చాలింది. "ఎవరు మార్చేశారు?" అని ఇల్లంతా అడిగారు. అంతకు ముందు ఎవరు రాశారని మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు!

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 1980లలో డేవిడ్ మోర్లీ దక్షిణ లండన్‌లో 18 కుటుంబాల టీవీ అలవాట్లని పరిశీలిస్తే, రిమోట్ ఎక్కువగా మగవాళ్ళ చేతిలోనే కనిపించింది. ఆన్ గ్రే 1992 నాటి 'వీడియో ప్లేటైమ్' పుస్తకంలో ఇంకో సంగతి పట్టుకుంది. కొందరు ఆడవాళ్ళు వీసీఆర్ టైమర్ పెట్టడం కావాలనే నేర్చుకోలేదు. నేర్చుకుంటే ఆ చాకిరీ కూడా తమ నెత్తినే పడుతుందని వాళ్ళకి తెలుసు. దీన్ని తెలివితక్కువతనం అంటారా? నేను తెలివైన నిరాకరణ అంటాను. కాకపోతే ఆ నిరాకరణకి మనం చెల్లించే ధర కూడా తక్కువది కాదు.

నేర్చుకోడానికి తీరికేదీ అన్నది ఇంకో ప్రశ్న. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి దానిమీద 299 నిమిషాలు గడిపేవారు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. యంత్రం విప్పి చూడాలంటే ఎవరూ పిలవని రెండు గంటలు కావాలి. ఆ రెండు గంటలు ఉన్నవాడిని 'టెక్నికల్ బుర్ర' అంటున్నాం. లేనిదాన్ని 'రాదు' అంటున్నాం.

కూలి గిట్టని ఆడవాళ్ళున్న ఊళ్ళో రిమోట్ గొడవేమిటని కొందరు మిత్రులు విసుక్కోవచ్చు. చేతికి ఫోనొచ్చాక రిమోట్‌తో పనేమిటని ఇంకొందరు. కూలి రేటు రాసే పుస్తకమూ, ఈ పట్టికా ఒకే చోట పుట్టినవి కావా? రెండింట్లోనూ ఒకరు రాస్తారు, ఇంకొకరు లోబడతారు. ఇక ఫోనంటారా, దానిలోని పట్టికలు మన ఇంట్లో కూడా లేవు, ఎక్కడో కంపెనీల దగ్గరున్నాయి. ఇంట్లో ఉన్న పట్టికనే అడగలేనివాళ్ళం, వాటిని ఏం అడుగుతాం?

కథల్లో, కవితల్లో మన భాష మనం రాసుకోవడానికి ఎంత పోరాడాం! మనకిచ్చిన అర్థాల్ని ఒక్కొక్కటీ కొట్టేసి కొత్తవి రాసుకున్నాం. యంత్రాల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరో రాసిన అర్థాల్నే నొక్కుతూ కూర్చుంటామా? వాడటం నేర్పిస్తామనే వాళ్ళకి ఒక్కటే చెబుదాం. వాడటం తర్వాత, ముందు ఆ పట్టిక ఎక్కడుందో చూపించండి.